బ్యాకప్ ఉందిగా అనుకున్నాం!

2022 సెప్టెంబరు 4, ఆదివారం. వినాయకచవితి నాడు పెట్టిన విగ్రహాలను అయిదో రోజు నిమజ్జనం చేసుకుని అందరూ ఇళ్ళకు చేరారు. ఆ రాత్రి బెంగళూరులో కురిసిన వానను ఇక్కడివాళ్ళెవరూ మరిచిపోయి ఉండరు. తెల్లవారి లెక్క చూస్తే 24 గంటల్లో 131 మిల్లీమీటర్ల పైచిలుకు పడిందన్నారు. అప్పటి బి.బి.ఎం.పి. లెక్కలో మహదేవపుర జోన్ అనే ప్రాంతం చాలా చోట్ల చెరువైపోయింది. అవుటర్ రింగ్ రోడ్డు మునిగింది. యెమలూరు వైపు పెద్ద పెద్ద కంపెనీల ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్ళిన ఫోటోలు దేశమంతా చూసి నవ్వుకుంది. మాకు మాత్రం నవ్వు రాలేదు. మేముండేది మహదేవపురలో, రాజకాలువెకు నాలుగిళ్ళ అవతల, అదీ కింది అంతస్తులో!

రాత్రి రెండు గంటలకు పాదాలకు చల్లగా తగిలి మా శ్రీమతి లేచింది. లేచేసరికి హాల్లో చెప్పులు తేలుతున్నాయి. పది నిమిషాల్లో మోకాలి లోతు. కరెంటు లేదు. అలాంటప్పుడు ఎవరు ఏం తీసుకున్నారో చూస్తే వాళ్ళ ప్రాణం దేని మీద ఉందో తెలిసిపోతుంది. మా శ్రీమతి దేవుడి పటాలూ నగల డబ్బా తీసుకుంది. కోడలు పాపనూ పాపకు పాలపొడినీ ఎత్తుకుంది. మా అబ్బాయి ఆఫీసు ల్యాప్‌టాప్ పట్టుకున్నాడు. నేను మా మందుల సంచి, ఇంటి కాగితాలు, వాటితో పాటు అరచేతిలో పట్టే నల్లటి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు తీసుకుని మెట్లెక్కాను. బల్ల కింద ఉన్న కంప్యూటర్ డబ్బా నీళ్ళలోనే ఉండిపోయింది.

రెండో అంతస్తు వారింట్లో కాఫీ తాగుతూ, పలకరించిన ప్రతివారికీ ఒకటే మాట చెప్పాను. "కంప్యూటర్ పోతే పోయింది, బ్యాకప్ ఉందిగా!"

ముందే ఒక మాట ఒప్పుకోవాలి. నేను కంప్యూటర్ ఇంజనీరును కాను. మదనపల్లెలో మొదలుపెట్టి ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో పనిచేసి, రిటైరై, కొడుకు దగ్గరకు వచ్చి చేరినవాణ్ని. లెక్క తేలేదాకా ఇంటికి వెళ్ళకూడదనేది మాకు మొదటి రోజు నేర్పిన పాఠం. ఆ పాఠం నా సొంత కంప్యూటర్ విషయంలో ఎలా మరిచిపోయానో ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆ కంప్యూటర్లో ఏముందంటే, పెళ్ళిళ్ళ ఫోటోలు, మనవరాలి బోసినవ్వులు సరే. అవన్నీ నలుగురి ఫోన్లలో ఉన్నవే. ఎక్కడా లేనివి మా అమ్మ పాటలు. 2015 నుంచి 2019 దాకా ఊరికి వెళ్ళినప్పుడల్లా అమ్మను కూచోబెట్టి ఫోన్లో రికార్డు చేసేవాణ్ని. మంగళహారతులు, లాలిపాటలు, తిరుగటి పాటలు, సామెతల కథలు. మొత్తం 61. బెంగళూరులో పుట్టి కన్నడ, ఇంగ్లీషు, తెలుగు కలిపి మాట్లాడే మనవలకు మదనపల్లె మాట ఎలా ఉంటుందో వినిపించాలని నా ఆశ. ఫోను నిండిపోయినప్పుడల్లా వాటిని కంప్యూటర్‌లోకి మార్చి, ఫోన్లోంచి తీసేసేవాణ్ని. అమ్మ 2021 జనవరిలో పోయింది.

మూడు రోజుల తరువాత రామమూర్తినగర్‌లో బంధువుల ఇంట్లో ఉండగా, అబ్బాయి ల్యాప్‌టాప్‌కు ఆ నల్ల డిస్కు తగిలించాం. ఫోటోలు కనిపించాయి. కానీ 2021 జూలైతో ఆగిపోయాయి. ఆ తరువాతి పద్నాలుగు నెలలు ఖాళీ. సరే, అవి పోతే పోనీ అని అమ్మ పాటల ఫోల్డరు కోసం వెతికాం. ఆ పేరుతో ఏదీ లేదు. మళ్ళీ వెతికాం. అసలు ఆ ఫోల్డరు ఆ డిస్కులోకి ఏనాడూ రాలేదని అబ్బాయి మెల్లగా చెప్పాడు.

రోజూ ఆ డిస్కు మీద నీలంరంగు లైటు మినుకు మినుకుమంటూ ఉండేది. లైటు వెలుగుతోంది కదా, పని జరుగుతోందనుకున్నాను. స్ట్రాంగ్ రూములో లైటు వెలుగుతోంది కాబట్టి క్యాష్ సరిపోయిందని రాసేసినట్టు!

ఇంతకీ తప్పు ఎక్కడ జరిగింది? రెండు చోట్ల. విండోస్‌లో ఫైల్ హిస్టరీ అనే సదుపాయం ఉంది. 2012లో విండోస్ 8తో వచ్చింది. అది కంప్యూటర్‌లోని ప్రతి మూలకూ వెళ్ళదు. డాక్యుమెంట్స్, పిక్చర్స్, మ్యూజిక్, వీడియోస్, డెస్క్‌టాప్ వంటి తనకు తెలిసిన చోట్లనుంచే కాపీ తీస్తుంది. నేనేమో పాటలు భద్రంగా ఉండాలని వేరే డి డ్రైవులో ప్రత్యేకంగా ఫోల్డరు పెట్టాను! నేను చేర్చమని చెప్పలేదు, అది చేర్చలేదు. రెండోది, ఆ సదుపాయం మామూలుగా గంటకొకసారి మారిన ఫైళ్ళ కాపీలు తీసి, మనం వేరే చెప్పకపోతే పాత కాపీలన్నీ ఎప్పటికీ ఉంచేస్తుంది. నా 500 జి.బి. డిస్కు 2021 జూలైలో నిండిపోయింది. నిండిందని తెర మూలన ఒక చిన్న నోటీసు కూడా వచ్చి ఉంటుంది. సినిమా చూస్తుంటే అడ్డొస్తున్నాయని ఆ నోటీసులన్నీ ఆపేసిన మహానుభావుణ్ని నేనే.

నీళ్ళలో మునిగిన కంప్యూటర్ సంగతి చెప్పాలి. నీళ్ళు తీసేశాక మా అపార్ట్‌మెంటులో చాలామంది తడిసిన సామాను ఎండలో పెట్టారు. నేనూ అదే చేయబోయాను. అబ్బాయి ఫోన్లోంచే గట్టిగా అరిచాడు. "నాన్నా, దానికి కరెంటు మాత్రం ఇవ్వొద్దు! ఎండలో పెట్టొద్దు! హెయిర్ డ్రయ్యర్ అసలు వద్దు!" తిరిగే పళ్ళాలుండే మామూలు హార్డ్ డిస్కులకు గాలి ఆడడానికి ఒక సన్నటి రంధ్రం ఉంటుంది. హీలియం వాయువు నింపి మూసేసినవాటికి తప్ప తక్కిన వాటన్నిటికీ ఉంటుంది. అందులోంచి నీళ్ళు లోపలికి పోగలవు. లోపల పళ్ళెం మీద చదివే ముల్లు ఎంత దగ్గరగా తేలుతుందంటే, మధ్యలో ఒక ధూళి కణం కూడా పట్టదు. మురికినీళ్ళు ఎండితే ఆ మట్టి పళ్ళెం మీదే అట్టకట్టుకుంటుంది. అప్పుడు స్విచ్ వేస్తే మిగిలినది కూడా గీసుకుపోతుంది. అందుకని డిస్కును ఉన్నదున్నట్టుగా ప్లాస్టిక్ సంచిలో మూసి, పోయిన డేటా తీసేవాళ్ళ దగ్గరకు పట్టుకెళ్ళాం. ఎస్.పి. రోడ్డులో తెలిసిన షాపతను తన దగ్గర కాదని నిజాయితీగా చెప్పి దారి చూపించాడు. అతను "ఇవ్వండి, విప్పి చూస్తాను" అని ఉంటే కథ వేరే ఉండేది.

అయిదు వారాలు ఆగాల్సి వచ్చింది. 61 పాటల్లో 38 వచ్చాయి. మదనపల్లెలో అక్కయ్య పాత ఫోన్లో, నేను ఎప్పుడో వాట్సాప్‌లో పంపినవి ఇంకో 9 దొరికాయి. తక్కిన 14 లేవు. వాటిలో తిరుగటి పాటలు దాదాపు అన్నీ ఉన్నాయి.

అప్పటినుంచీ నాకు ఒక విధమైన పిచ్చి పట్టింది. ఎవరింటికి వెళ్ళినా "మీ బ్యాకప్ చివరిసారి ఎప్పుడు తెరిచి చూశారు?" అని అడుగుతాను. మొదట్లో వింతగా చూసేవారు. ఇప్పుడు "అంకల్, స్వల్ప నోడి" అంటూ వాళ్ళే డిస్కులు పట్టుకుని మా ఇంటికి వస్తున్నారు. మేము అదే వీధిలో పై అంతస్తుకు మారామని వేరే చెప్పనక్కర్లేదు కదా. అలా నా బల్ల మీదకు వచ్చిన కేసులు చూస్తే, పెద్ద పెద్ద రోగాలు తక్కువ. పడిశం, దగ్గు లాంటివే ఎక్కువ.

మొట్టమొదట చూడాల్సింది వైరు. నవ్వకండి. పై అంతస్తు కుర్రవాడొకడు డిస్కు చచ్చిపోయిందని కొత్తది కొనడానికి బయల్దేరాడు. కాపీ మొదలవుతుంది, పదిహేను నిమిషాలకు డిస్కు మాయమవుతుంది, మళ్ళీ కనిపిస్తుంది. చూస్తే దాన్ని ఒక చిన్న యు.ఎస్.బి. హబ్బుకు తగిలించాడు. అదే హబ్బుకు ఫోన్ ఛార్జరు, మౌసు, చిన్న ఫ్యాను! అరచేతిలో పట్టే డిస్కులు తమకు కావలసిన కరెంటును ఆ యు.ఎస్.బి. వైరులోంచే తీసుకుంటాయి. పాత యు.ఎస్.బి. 2 పోర్టు మామూలుగా ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, యు.ఎస్.బి. 3 అయితే 900. దాన్నే నలుగురికి పంచితే పళ్ళెం తిరగడానికి చాలదు. కంప్యూటర్ వెనకవైపు పోర్టుకు నేరుగా పెట్టాం, కుదిరింది. పెద్ద సైజు డిస్కులకు వేరే అడాప్టరు ఉంటుంది కాబట్టి వాటికి ఈ బాధ లేదు. కానీ ఇంట్లో ఒకేలా కనిపించే అడాప్టర్లు నాలుగుంటాయి. వైఫై డబ్బా అడాప్టరు తీసి డిస్కుకు పెట్టకండి.

అనుమానం తీర్చుకునే పద్ధతి ఒకటే. వైరు మార్చి చూడండి. తరువాత పోర్టు మార్చి చూడండి. తరువాత వేరే కంప్యూటర్‌కు పెట్టి చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. మూడూ కలిపి మార్చేస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, రేపు మళ్ళీ మొదటికొస్తుంది.

డిస్కు తగిలించినా తెర మీద కనిపించకపోతే వెంటనే చచ్చిందని ఏడవక్కర్లేదు. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ అని ఒక చోటుంది. అక్కడ డిస్కు తన సరైన సైజుతో కనిపిస్తుంటే ప్రాణం ఉన్నట్టే. ఒక్కోసారి దానికి అక్షరం మాత్రమే పోయి ఉంటుంది, ఇస్తే చాలు. అక్షరం మారినా చిక్కే. కొన్ని బ్యాకప్ ప్రోగ్రాములు డిస్కును అక్షరంతోనే గుర్తుపెట్టుకుంటాయి. మొన్నటిదాకా ఇ డ్రైవుగా ఉన్నది, మధ్యలో పెన్ డ్రైవు పెట్టడం వల్ల ఎఫ్ అయిందనుకోండి. పోస్టుమాన్ పాత ఇంటి తలుపు కొట్టి వెళ్ళిపోయినట్టు ఆ ప్రోగ్రాము కూడా వెళ్ళిపోతుంది.

ఇక అతి ప్రమాదకరమైనది ఒకటుంది. డిస్కు పెట్టగానే "దీన్ని వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?" అని కంప్యూటర్ మర్యాదగా అడుగుతుంది. లోపల మీ పదేళ్ళ ఫోటోలున్నా సరే, అలాగే అడుగుతుంది! దానికి చదవడం రాలేదని మాత్రమే ఆ మాటకు అర్థం, లోపల ఏమీ లేదని కాదు. వద్దు అనండి. వైరు తీసి ఇంకో కంప్యూటర్‌లో చూడండి. ఒక్కోసారి మ్యాక్ కంప్యూటర్ కోసం తయారైన డిస్కును విండోస్‌కు పెట్టినా ఇదే ప్రశ్న వస్తుంది. మా ఎదురింటి టీచరుగారి డిస్కుకు జరిగింది సరిగ్గా అదే. ఆవిడ వేలు మౌసు మీద ఉండగా నేను తలుపు తట్టాను, అదృష్టం!

మ్యాక్, విండోస్ రెండూ ఉన్న ఇళ్ళు మహదేవపురలో చాలా ఉన్నాయి. కొడుకుది ఒకటి, కోడలిది ఒకటి. విండోస్‌కు అలవాటైన ఎన్.టి.ఎఫ్.ఎస్. డిస్కును మ్యాక్ చదువుతుంది గాని, మామూలుగా అందులో రాయదు. చదువుతోంది కదా అని కాపీ చేయబోతే కుదరదు. పాత డిస్కుల్లో, పెన్ డ్రైవుల్లో ఉండే ఫ్యాట్ 32 పద్ధతి ఉంది చూశారూ, అందులో 4 జి.బి. ఫైలు పట్టదు. ఫోటోలన్నీ ఎక్కి, పెళ్ళి వీడియో దగ్గర ఆగిపోతే, డిస్కులో ఇంకా బోలెడు చోటున్నా నిండిందన్నట్టు మాట్లాడితే, కారణం ఇదే. ఎక్స్ ఫ్యాట్ పద్ధతిని రెండు రకాల కంప్యూటర్లూ ఒప్పుకుంటాయి. కానీ పద్ధతి మార్చడమంటే డిస్కును ఫార్మాట్ చేయడమే, అంటే తుడిచేయడమే. అందులో ఉన్నదాన్ని ముందు వేరేచోట దించుకోవాలి.

డిస్కు నిండడం గురించి నా కథే చెప్పాను. పాత కాపీలు ఎన్నాళ్ళు ఉంచాలో ఫైల్ హిస్టరీకి చెప్పవచ్చు. మ్యాక్‌లోని టైమ్ మెషీన్ అయితే చోటు చాలనప్పుడు అన్నిటికంటే పాతవాటిని తనే తీసేస్తుంది. ఇది హాయిగానే ఉంటుంది గాని, మూడేళ్ళ కిందట పొరపాటున తుడిచిన ఫోటో కోసం ఇప్పుడు వెళితే ఉండకపోవచ్చు.

మా వీధిలో హార్డ్‌వేర్ షాపాయనది వేరే రకం కేసు. రోజూ రాత్రి తొమ్మిదికి కాపీ జరగాలని పెట్టుకున్నాడు. షాపులో లెక్కలు రాసే టాలీ రాత్రి పది దాకా తెరిచే ఉంటుంది. కొన్ని బ్యాకప్ ప్రోగ్రాములు వాడుకలో ఉన్న ఫైలును వదిలేసి ముందుకు పోతాయి. చివర్లో "పూర్తయింది, 3 ఫైళ్ళు వదిలేశాం" అని చెబుతాయి. ఆయన "పూర్తయింది" వరకే చదివేవాడు. ఆ మూడే ఆయన లెక్కల పుస్తకాలు! టైమును పదకొండుకు మార్చాం. మార్చాక ఇంకో తంటా. పదకొండుకు కంప్యూటర్ నిద్రలో ఉంటుంది, బ్యాకప్ మొదలే కాదు. నిద్రపోకుండా ఉండే గంటను చూసి పెట్టేసరికి వారం పట్టింది.

మన తెలుగువాళ్ళకే ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటి చెబుతాను. విండోస్‌లో ఫైలు దారి, అంటే ఫోల్డర్ల పేర్లూ ఫైలు పేరూ కలిపి, 260 అక్షరాలు దాటితే చాలా ప్రోగ్రాములు తడబడతాయి. మనకు ఫైలు పేరే ఒక వాక్యంలా పెట్టడం అలవాటు. "శ్రీరామనవమి నాడు పెద్దత్తయ్య గారింట్లో పాడిన సీతారామ కల్యాణం పాట రెండో భాగం" అని పెడతాం. పైగా మనం ఒక్క అక్షరం అనుకునే "శ్రీ" కంప్యూటర్ లెక్కలో నాలుగు. శ ఒకటి, పొల్లు ఒకటి, ర ఒకటి, గుడి దీర్ఘం ఒకటి. ఫోల్డరులో ఫోల్డరు, దానిలో ఇంకో ఫోల్డరు పెట్టుకుంటూ పోతే 260 దాటడం ఎంతసేపు? పేర్లు పొట్టివి పెట్టుకోండి. వివరాలు కావాలంటే పక్కన ఒక చిట్టా ఫైలులో రాసుకోండి.

తెలుగు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. అమ్మ పాటల్లో కొన్నిటిని నేను 2004లో కూచుని టైపు చేసి పెట్టుకున్నాను. అవి మాత్రం బ్యాకప్‌లో భద్రంగా ఉన్నాయి. కొత్త కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు! అబ్బాయి "పాడైపోయాయి నాన్నా, తీసేద్దాం" అన్నాడు. పాడవలేదు. ఆ రోజుల్లో డి.టి.పి. సెంటర్లలో అందరం అను ఫాంట్లతోనే కదా టైపు చేసేవాళ్ళం. ఆ ఫాంటు కంప్యూటర్‌లో ఉంటేనే ఆ గీతలు తెలుగు అవుతాయి. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికినా, ఇళ్ళకూ ప్రెస్సులకూ చేరడానికి చాలా ఏళ్ళు పట్టింది. నా బ్యాకప్‌లో ఫైళ్ళున్నాయి, ఫాంటు లేదు. ఫాంట్లు విండోస్ తన సొంత ఫోల్డరులో దాచుకుంటుంది, ఫైల్ హిస్టరీ అక్కడికి వెళ్ళదు. మదనపల్లెలో పాత డి.టి.పి. మిత్రుడి దగ్గర ఆ ఫాంటు ఉండబట్టి సరిపోయింది. ఒక ఆదివారం కూచుని అన్నిటినీ యూనికోడ్‌లోకి మార్పించుకున్నాను. మన సంఘాల పాత సంచికలు, సావనీర్లు, పెళ్ళి శుభలేఖలు, పెద్దలు రాసుకున్న వంశవృక్షాలు, ఇలాంటివెన్నో పేజ్‌మేకర్ ఫైళ్ళుగా సీడీల్లో పడి ఉన్నాయి. ఫాంటు దొరికే రోజుల్లోనే వాటిని మార్చుకోండి. కనీసం పి.డి.ఎఫ్. చేసి పెట్టుకోండి, మామూలుగా ఫాంటు కూడా అందులోనే చేరి ఉంటుంది.

ఇక నిజంగా జబ్బుచేసిన డిస్కు సంగతి. టిక్కు టిక్కుమని లయ తప్పకుండా చప్పుడు వస్తుంటే, ఒక్క ఫోల్డరు తెరవడానికి నిమిషాలు పడుతుంటే, అది వెళ్ళిపోవడానికి సిద్ధమవుతోందని లెక్క. ఇక్కడ తెలివైనవాళ్ళే ఎక్కువ తప్పు చేస్తారు. ఎవరో చెప్పారని డిస్కును బాగుచేసే చెక్ డిస్క్ ఆదేశం ఇస్తారు. అది డిస్కంతా తిరిగి వెతికి సరిదిద్దే పని. ఆరోగ్యంగా ఉన్నవాడికి వ్యాయామం మంచిదే, ఆయాసపడుతున్నవాడిని మెట్లెక్కించకూడదు. ముందుగా, ఇంకెక్కడా లేని వాటిని వేరే డిస్కులోకి దించండి. సినిమాలు, పాతవన్నీ తరువాత. టిక్కు చప్పుడు వస్తుంటే ఆ ప్రయత్నమూ వద్దు. స్విచ్ తీసి నిపుణుల దగ్గరకు పట్టుకెళ్ళండి. ఫ్రిజ్‌లో పెడితే బాగుపడుతుందనీ, బియ్యంలో పెడితే తడి పోతుందనీ చెప్పేవారు మన చుట్టూ చాలామంది ఉన్నారు. బియ్యం అన్నానికి ఉంచుకోండి.

కొత్త ల్యాప్‌టాప్‌లతో మరో మెలిక ఉంది. చాలా వాటిల్లో డిస్కుకు తాళం వేసి వస్తోంది. ల్యాప్‌టాప్ పాడై డిస్కును విడిగా తీసి చూడాల్సి వస్తే 48 అంకెల తాళంచెవి అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉండవచ్చు. చూసి, ఇప్పుడే కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి. అదే ల్యాప్‌టాప్‌లో దాచిపెట్టి ప్రయోజనం లేదు.

ఇంత చెప్పాక, ఇదేదో మనలాంటి ఇంటి మనుషులకే జరిగే పొరపాటు అనుకోకండి. పిల్లలు చూసే టాయ్ స్టోరీ సినిమాలు తీసిన పిక్సార్ కంపెనీలో 1998లో రెండో భాగం తయారవుతుండగా ఎవరో పొరపాటున ఒక ఆదేశం ఇచ్చారు. కళ్ళముందే బొమ్మలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. సినిమాలో చాలా భాగం పోయింది. బ్యాకప్ ఉందిగా అని వెళ్ళి చూస్తే, కొన్ని వారాలుగా అది సరిగ్గా జరగడమే లేదని తేలింది! చివరికి సినిమాను కాపాడింది గాలిన్ సస్మన్ అనే టెక్నికల్ డైరెక్టరు. ఆవిడ అప్పుడే తల్లయింది. పసిబిడ్డను చూసుకుంటూ ఇంటి నుంచి పనిచేయడానికి సినిమా కాపీ ఒకటి ఇంట్లో కంప్యూటర్‌లో పెట్టుకుంది. ఆ కంప్యూటర్‌ను దుప్పట్లలో చుట్టి, కారు వెనకసీటులో బెల్టు కట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు ఆఫీసుకు తెచ్చారు. బాలింతరాలి ఇంట్లో ఉన్న కాపీ అంత పెద్ద కంపెనీ పరువు నిలబెట్టింది. ఈ కథ చెప్పినప్పుడు మా కోడలు నావైపు చూసిన చూపు మరిచిపోలేను.

ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఒకటుంది. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి ఇంటికి బయట. ఇప్పుడు అమ్మ పాటలకు మేము ఇదే చేస్తున్నాం. ఒక కాపీ కంప్యూటర్‌లో. ఒకటి ఎక్స్‌టర్నల్ డిస్కులో, పని అవగానే వైరు తీసి బీరువాలో పెడతాం. ఎప్పుడూ తగిలించి ఉంచితే, వైరస్ వచ్చి కంప్యూటర్‌లోని ఫైళ్ళకు తాళం వేసిననాడు డిస్కులోని వాటికీ వేసేస్తుంది. మూడోది అక్కయ్య దగ్గర, మదనపల్లెలో. ఏటా సంక్రాంతికి వెళ్ళినప్పుడు కొత్త డిస్కు ఇచ్చి పాతది తెచ్చుకుంటాను. ఆవిడ దాన్ని పట్టుచీరల మధ్య పెడుతుంది. క్లౌడులో కూడా పెట్టుకోవచ్చు, అబ్బాయి పెట్టాడు. కానీ అక్కడ కూడా ఒక మోసం ఉంది చూడండి. వన్ డ్రైవు వంటి వాటిలో ఫైలు పేరు మన కంప్యూటర్‌లో కనిపిస్తున్నా, అసలు ఫైలు ఇంటర్నెట్‌లో మాత్రమే ఉండవచ్చు. అప్పుడు మన డిస్కులోకి దాని కాపీ చేరకపోవచ్చు. పేరు పక్కన మేఘం గుర్తు ఉంటే అనుమానించండి.

తెరిచి చూడడానికి ఒక రోజు పెట్టుకున్నాం. ప్రపంచ బ్యాకప్ దినమని మార్చి 31ని 2011 నుంచీ జరుపుతున్నారు. అది ఎటూ మన ఉగాది రోజులకు దగ్గరగానే వస్తుంది కాబట్టి మేము ఉగాది నాడే పెట్టుకున్నాం. పచ్చడి తిని, పంచాంగ శ్రవణం అయ్యాక, డిస్కు తగిలించి, నేను చెప్పిన అయిదు ఫైళ్ళు మనవరాలు తెరుస్తుంది. చివరి కాపీ తారీఖు కూడా తనే చదువుతుంది. తెరుచుకోకపోతే మధ్యాహ్నం భోజనం అయ్యాక నాకు పని పడినట్టే.

కిందటి ఉగాదికి తను తెరిచిన వాటిలో 2016 నాటి లాలిపాట ఒకటుంది. నీళ్ళలోంచి తిరిగి వచ్చిన 38లో అది ఒకటి. చివరి ముక్క పోయింది, మధ్యలో కాస్త గరగరమంటుంది. అమ్మ రెండు చరణాలు పాడి, ఉన్నట్టుండి ఆపి, "ఒరేయ్, ఆ పొయ్యి మీద పాలు చూడండ్రా, పొంగిపోతాయి!" అని గట్టిగా కేకేస్తుంది. మనవరాలు ఉలిక్కిపడి వంటింట్లోకి పరిగెత్తింది.